అమెరికాలో సోషల్ వర్కర్ల విద్యా రుణం: 120 కిస్తుల లెక్క ఎక్కడా తప్పకుండా

రుణమాఫీ అనగానే మనవాళ్ళకు ఎన్నికల హామీ గుర్తొస్తుంది. ప్రభుత్వం ఒక తేదీ ప్రకటిస్తుంది, జాబితాలో పేరుంటే ఖాతాలో అప్పు తగ్గుతుంది. అమెరికాలో సోషల్ వర్కర్లకు దొరికే విద్యా రుణమాఫీ అలా ఇంటికి వచ్చేది కాదు. అది 2007 నుంచి చట్టంలోనే ఉంది. కానీ కాగితం చూపించి, ఏ ఏడాది లెక్క ఆ ఏడాది రాయించుకుంటే తప్ప చేతికి అందదు. పదేళ్ళ గడువు నిండి 2017 చివర్లో మొదటి దరఖాస్తులు వచ్చినప్పుడు దాదాపు 99 శాతం తిరస్కరించారు. వాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి కౌంటీ ఆఫీసుల్లో, బడుల్లో, ఆసుపత్రుల్లో నిజంగా పనిచేసినవాళ్ళే. అప్పు రకం తప్పో, కట్టే ప్లాన్ తప్పో, ఫారంలో ఒక గడి ఖాళీయో, ఇంకా 120 నిండకపోవడమో, ఏదో ఒకటి అడ్డం వచ్చింది.

ఆ పథకం పేరు పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్, పొట్టిగా పీఎస్ఎల్ఎఫ్. సూత్రం ఒక్కటే: సరైన అప్పు మీద, సరైన ప్లాన్‌లో, సరైన యజమాని దగ్గర ఫుల్‌టైమ్ పనిచేస్తూ 120 నెలల కిస్తులు కడితే మిగిలినదంతా మాఫీ. నెలలు వరసగా ఉండక్కర్లేదు. మధ్యలో రెండేళ్ళు ప్రైవేటు క్లినిక్‌లో చేసి తిరిగొచ్చినా పాత లెక్క పోదు. పై నాలుగూ ఒకే నెలలో కలిస్తేనే ఆ నెల లెక్కకొస్తుంది.

ముందే ఒక మాట. ఇది ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన అప్పుకు మాత్రమే. ఫెడరల్ రుణం సాధారణంగా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు దొరుకుతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) చదివినవాళ్ళు హైదరాబాదులోనో విజయవాడలోనో బ్యాంకులో తీసుకున్న అప్పుకు, అమెరికా ప్రైవేటు సంస్థల దగ్గర తీసుకున్న అప్పుకు పీఎస్ఎల్ఎఫ్ వర్తించదు. తర్వాత గ్రీన్‌కార్డు వచ్చినా ఆ పాత అప్పు ఫెడరల్ అప్పుగా మారదు.

మొదటి పని: అప్పు ఏ జాతిదో తేల్చడం

కిస్తులు వసూలు చేసే కంపెనీ, అంటే సర్వీసర్, వెబ్‌సైటులో చూస్తే చాలదు. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో లాగిన్ అయి, మై ఎయిడ్ పేజీలో ఒక్కొక్క రుణం పేరు చదవండి. పేరు మొదట్లో ‘డైరెక్ట్’ అనే మాట ఉంటే అది పనికొచ్చే రుణం. ‘ఎఫ్ఎఫ్ఈఎల్’ అనో ‘పెర్కిన్స్’ అనో ఉంటే అది పాత రకం రుణం. ఉన్నది ఉన్నట్టుగా పనికిరాదు, డైరెక్ట్ కన్సాలిడేషన్ చేయాలి, అంటే దాన్ని కొత్త డైరెక్ట్ రుణంగా మార్చుకోవాలి. ఆ జాబితాలో అసలు కనబడని అప్పు ప్రైవేటుది.

పెర్కిన్స్ ఉన్నవాళ్ళు తొందరపడి కన్సాలిడేట్ చేయకండి. ఆ పథకం కింద కొత్త రుణాలు 2017లో ఆగిపోయాయి గానీ పాతవి ఇంకా కొందరి దగ్గర ఉన్నాయి. పేద కుటుంబాల్లో ప్రమాదంలో ఉన్న పిల్లలకు సేవలందించే ప్రభుత్వ లేదా లాభాపేక్షలేని శిశు, కుటుంబ సంక్షేమ ఏజెన్సీలో ఫుల్‌టైమ్ చేస్తే పెర్కిన్స్‌కు సొంత రద్దు ఉంది: మొదటి రెండేళ్ళు 15 శాతం చొప్పున, తర్వాతి రెండేళ్ళు 20 శాతం చొప్పున, ఐదో ఏడు 30 శాతం. ఐదేళ్ళలో మొత్తం పోతుంది. కన్సాలిడేట్ చేసిన రోజే ఆ హక్కు కూడా పోతుంది.

కన్సాలిడేషన్‌లో ఇంకో లెక్క ఉంది. ఇప్పటికే కొన్ని కిస్తులు కట్టిన డైరెక్ట్ రుణాన్ని, కొత్త రుణంతో కలిపితే కిస్తుల సంఖ్యను రుణాల పరిమాణాన్ని బట్టి సగటు వేస్తారు. 60 వేల డాలర్ల రుణం మీద 48 కిస్తులున్నాయి, 20 వేల రుణం మీద ఒక్కటీ లేదు అనుకోండి. రెండూ కలిపితే కొత్త రుణం మీద 36 కిస్తులు ఉంటాయి. పెద్ద రుణానికి ఏడాది వెనక్కి, చిన్నదానికి మూడేళ్ళు ముందుకు. విడివిడిగా ఉంచితే 60 వేలు ముందు మాఫీ అవుతాయి, 20 వేలు తర్వాత. చాలామందికి విడిగా ఉంచడమే లాభం.

2026 జూలై 1 తర్వాత చేసే కన్సాలిడేషన్‌ను కొత్త రుణంగా చూస్తారు. దానికి పాత ఆదాయ ఆధారిత ప్లాన్లు దొరకవు, ర్యాప్ అనే కొత్త ప్లాను, కొత్త తరహా స్టాండర్డ్ ప్లాను మాత్రమే ఉంటాయి. ‘అన్నీ ఒకచోట ఉంటే సుఖం’ అని ఒకరోజు సాయంత్రం కూర్చుని నొక్కేసే బటన్ కాదది.

తల్లిదండ్రుల పేరు మీద తీసిన పేరెంట్ ప్లస్ రుణం మీద మనవాళ్ళలో పెద్ద అపోహ ఉంది. అమ్మాయి సోషల్ వర్కర్ కాబట్టి నాన్న తీసిన రుణం కూడా మాఫీ అవుతుందనుకుంటారు. అప్పు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ ఉద్యోగమే చూస్తారు. నాన్న ప్రైవేటు ఐటీ కంపెనీలో ఉంటే అమ్మాయి కౌంటీ ఉద్యోగం ఆ రుణానికి అక్కరకు రాదు.

చివరగా, ప్రైవేటు సంస్థలు వడ్డీ తగ్గిస్తామని పంపే రీఫైనాన్స్ ఉత్తరాలు. సంతకం పెట్టిన క్షణం ఫెడరల్ రుణం ప్రైవేటు రుణమవుతుంది. వెనక్కి తిప్పే దారి లేదు. పీఎస్ఎల్ఎఫ్ దారిలో ఉన్నవాళ్ళకు ఒకటిన్నర శాతం వడ్డీ తగ్గింపు కంటే ఖరీదైన బేరం మరొకటి లేదు.

రెండో పని: జీతం ఎవరిస్తున్నారో చూడటం

మీరు చేసే పని ఏమిటని పీఎస్ఎల్ఎఫ్ అడగదు. జీతం ఇచ్చేది ఎవరని అడుగుతుంది. ఫెడరల్, రాష్ట్ర, కౌంటీ, నగర, ట్రైబల్ ప్రభుత్వాలు, పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్టులు, 501(సీ)(3) హోదా (లాభాపేక్షలేని సంస్థలకిచ్చే పన్ను మినహాయింపు) ఉన్న సంస్థలు అన్నీ పనికొస్తాయి. ఆ హోదా లేకపోయినా కొన్ని రకాల ప్రజాసేవ చేసే ఇతర లాభాపేక్షలేని సంస్థలు కూడా లెక్కలోకి రావచ్చు. కౌంటీ చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీసెస్‌లో అకౌంటెంటుగా చేసినా అర్హతే. లాభాపేక్ష ఉన్న హాస్పిస్‌లో రోజంతా చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ పక్కన కూర్చున్నా అర్హత లేదు. న్యాయమా అంటే కాదు గానీ నిబంధన అంతే.

యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్ను వివరాల డబ్ల్యూ-2 కాగితంలో ‘బి’ గడిలో ఉండే ఈఐఎన్ (యజమాని గుర్తింపు) సంఖ్య తీసుకుని స్టూడెంట్‌ఎయిడ్ సైటులోని ఎంప్లాయర్ సెర్చ్‌లో వెతకండి. సంస్థ పేరుతో కాదు, సంఖ్యతో. ఒకే ఆసుపత్రి బోర్డు కింద లాభాపేక్షలేని ట్రస్టూ, లాభం కోసం నడిచే ఫిజీషియన్ గ్రూపూ రెండూ ఉండొచ్చు. మీ జీతం ఏ జేబులోంచి వస్తుందో ఆ సంఖ్యే చెబుతుంది. ఉద్యోగం ఒప్పుకోకముందే హెచ్ఆర్‌ని ఈఐఎన్ అడగడం తప్పేమీ కాదు.

ఎక్కువగా బెడిసికొట్టేవి ఇవి:

కౌంటీ భవనంలో కూర్చుని కౌంటీ కేసులే చూస్తారు, కానీ జీతం ఇచ్చేది స్టాఫింగ్ కంపెనీ. లెక్కకు రాదు.

1099 (ఉద్యోగి కానివాళ్ళకు ఇచ్చే పన్ను కాగితం) మీద కాంట్రాక్టరుగా థెరపీ ఇస్తారు. లాభాపేక్షలేని క్లినిక్ అయినా సరే, మీరు దాని ఉద్యోగి కాదు.

చిన్న సంస్థ పేరోల్ బాధ్యతను బయట కంపెనీకి అప్పగించింది. డబ్ల్యూ-2 మీద ఆ కంపెనీ ఈఐఎన్ ఉంటుంది, సెర్చ్‌లో ‘అర్హత లేదు’ అని వస్తుంది. కంగారు పడకుండా అసలు సంస్థ ఈఐఎన్ అడిగి దానితో ఫారం వేయాలి.

2026 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చేలా విద్యాశాఖ ఇంకో నిబంధన తెచ్చింది. చట్టవిరుద్ధ లక్ష్యంతో నడుస్తోందని శాఖ తేల్చిన సంస్థ ఆ తేదీ నుంచి అర్హత కోల్పోవచ్చు. దీని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాయి. వలసదారులకు సేవలందించే సంస్థల్లో ఉన్నవాళ్ళు తమ యజమాని స్థితిని ఏడాదికొకసారి కాక మూడు నెలలకొకసారి చూసుకోవడం మంచిది.

గంటల సంగతి సులువే. వారానికి సగటున 30 గంటలు. రెండు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు కలిపినా సరే, రెండూ అర్హత గలవైతే చాలు. రెండింటికీ వేర్వేరు ఫారాలు. ఎల్‌సీఎస్‌డబ్ల్యూలు (క్లినికల్ లైసెన్స్ ఉన్న సోషల్ వర్కర్లు) కమ్యూనిటీ కాలేజీల్లో అడ్జంక్టుగా, అంటే పార్ట్‌టైమ్‌గా, పాఠం చెప్పడం మామూలే. అప్పుడు ఒక్కో క్రెడిట్‌ను 3.35తో గుణించి వారపు గంటలుగా లెక్కిస్తారు. మూడు క్రెడిట్ల కోర్సు అంటే పది గంటల పైమాట. ఇరవై గంటల క్లినిక్ ఉద్యోగం ఉన్నవాళ్ళకు ఆ ఒక్క కోర్సు 30 నింపేస్తుంది.

మూడో పని: ఎంత కట్టాలో ఎంచుకోవడం

ఇక్కడే డబ్బంతా ఉంది. పదేళ్ళ స్టాండర్డ్ ప్లాన్‌లో కట్టినా కిస్తు లెక్కకొస్తుంది గానీ పదేళ్ళకు మాఫీ చేయడానికి ఏమీ మిగలదు. ఎక్స్‌టెండెడ్, గ్రాడ్యుయేటెడ్ ప్లాన్లలో కిస్తు తక్కువగా కనబడుతుంది, లెక్కకు మాత్రం రాదు. ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్‌లో ఉంటేనే ఈ పథకానికి అర్థం.

2025 జూలైలో వచ్చిన చట్టం ఈ ప్లాన్లను తిరగరాసింది. ఐసీఆర్, పే, సేవ్ అనే పాత ఆదాయ ఆధారిత ప్లాన్లు 2028 జూలై 1 నాటికి పూర్తిగా పోతాయి. పాత రుణాలవాళ్ళకు ఐబీఆర్ అనే పాత ప్లాను మిగులుతుంది. ర్యాప్ 2026 జూలై నుంచి. ఈ రెండూ పీఎస్ఎల్ఎఫ్‌కు లెక్కకొస్తాయి, కానీ లెక్క కట్టే తీరు వేరు.

ఐబీఆర్‌లో పేదరిక రేఖకు ఒకటిన్నర రెట్లు తీసేసి, మిగిలిన ఆదాయంలో 10 శాతం కడతారు. 2014 జూలైకి ముందు నుంచే రుణాలున్నవాళ్ళకు 15 శాతం. ర్యాప్‌లో తీసివేతలేమీ లేవు. పన్ను కాగితంలోని ఏజీఐ (సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం) మొత్తం మీదే శాతం. పది వేల డాలర్ల లోపు ఆదాయానికి నెలకు 10 డాలర్లు. అక్కడి నుంచి ప్రతి పది వేల శ్రేణికీ ఒక్కో శాతం పెరుగుతూ, లక్ష దాటాక 10 శాతం. డిపెండెంటుగా చూపిన ఒక్కొక్కరికి నెలకు 50 డాలర్లు తగ్గుతుంది.

ఏజీఐ 55 వేలున్న ఒంటరి ఎల్‌ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్స్ స్థాయి లైసెన్స్ ఉన్న సోషల్ వర్కర్) లెక్క చూద్దాం. 2025 పేదరిక రేఖ ఒక్కరికి 15,650 డాలర్లు. ఒకటిన్నర రెట్లు 23,475. మిగిలింది 31,525. అందులో 10 శాతాన్ని 12తో భాగిస్తే ఐబీఆర్ నెలకు సుమారు 263. 15 శాతం వర్గమైతే 394. ర్యాప్‌లో 55 వేల మీద 5 శాతం, నెలకు 229. ఒక బిడ్డ ఉంటే 179.

ర్యాప్ చౌక అనిపిస్తుంది. ఆగండి. ర్యాప్‌కు మెట్లున్నాయి, మెట్టు దాటితే మొత్తం ఆదాయం మీద శాతం మారుతుంది. ఏజీఐ 60,400 అయితే 6 శాతం, నెలకు 302. అదే మనిషి ఏడాదికి అదనంగా 500 డాలర్లు 403(బి)లో వేసుకుంటే ఏజీఐ 59,900కు దిగుతుంది, కిస్తు 250కి తగ్గుతుంది. ఐదు వందలు తన రిటైర్మెంటు ఖాతాలోనే ఉండి, ఏడాదికి ఆరు వందల పైచిలుకు మిగులు. ప్రభుత్వ ఉద్యోగులకు 457(బి) అనే అలాంటి ఇంకో ఖాతా కూడా ఉంటుంది కాబట్టి మెట్టు దగ్గర ఉన్నవాళ్ళు డిసెంబరులోపే ఈ లెక్క వేసుకోవాలి.

రెండో తేడా ఇంకా ముఖ్యం. ఐబీఆర్‌లో కిస్తుకు పైకప్పు ఉంది, పదేళ్ళ స్టాండర్డ్ కిస్తును మించదు. ర్యాప్‌కు పైకప్పు లేదు.

భార్యాభర్తల పన్ను లెక్క

మన కుటుంబాల్లో తరచూ కనిపించే జంట ఇది: ఒకరు సోషల్ వర్కర్, ఇంకొకరు సాఫ్ట్‌వేర్. ఒకరిది 55 వేలు, ఇంకొకరిది లక్షా ముప్పై ఐదు వేలు. ఉమ్మడిగా పన్ను వేస్తే ఏజీఐ లక్షా తొంభై వేలు. పిల్లలు లేరనుకుంటే ర్యాప్‌లో కిస్తు నెలకు 1,583. ఐబీఆర్‌లో, 80 వేల రుణం, 6 శాతం వడ్డీ అయితే పైకప్పు దగ్గర 888 వద్ద ఆగుతుంది. విడివిడిగా వేస్తే సోషల్ వర్కర్ ఆదాయమే చూస్తారు, ర్యాప్ 229కి వస్తుంది.

విడిగా వేస్తే పన్ను పెరగొచ్చు. విద్యా రుణ వడ్డీ తగ్గింపు పోతుంది, డేకేర్ క్రెడిట్ చాలావరకు పోతుంది. అందుకని ఏటా రెండు విధాలా పన్ను లెక్క వేయించి చూడాలి. అదనపు పన్ను 2,400 అయి, కిస్తుల్లో 7,900 మిగిలితే విడిగా వేయడమే దారి. పన్ను రాసే వ్యక్తి ‘ఉమ్మడిగా వేస్తే రీఫండ్ ఎక్కువ’ అంటారు. ఆయనకు మీ రుణం సంగతి తెలియదు, మీరే చెప్పాలి.

టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా వాళ్ళకు ఇక్కడ ఇంకో మెలిక. ఇవి దంపతుల సంపాదన ఉమ్మడి ఆస్తి అనే రాష్ట్రాలు. విడిగా పన్ను వేసినా ఇద్దరి జీతం కలిపి చెరి సగం రాయాలి. పై జంట డాలస్‌లో ఉంటే సోషల్ వర్కర్ ఏజీఐ 95 వేలవుతుంది, ర్యాప్ కిస్తు 712. అక్కడ ఉన్నవాళ్ళు పన్ను కాగితానికి బదులు పే స్టబ్‌లతో ఆదాయం చూపడానికి వీలుందేమో సర్వీసర్ని రాతపూర్వకంగా అడగాలి. జీవిత భాగస్వామి జీతమే ఎక్కువున్న చోట ఈ ఒక్క ప్రశ్న విలువ వేల డాలర్లు.

చదువు అయిపోయిన తొలి ఏడాది

డిగ్రీ అయ్యాక ఆరు నెలలు గ్రేస్ పీరియడ్. అప్పుడు కట్టనవసరం లేదు, కట్టినా లెక్కకు రాదు. మే నెలలో పట్టా, జూన్‌లో కౌంటీ ఉద్యోగం అంటే ఆరు నెలల అర్హత గల ఉద్యోగం ఊరికే పోయినట్టు. కన్సాలిడేట్ చేసి గ్రేస్‌ను ముందే ముగించవచ్చు. కానీ 2026 జూలై 1 తర్వాత కన్సాలిడేషన్ ఐబీఆర్ దారి మూసేస్తుంది కాబట్టి, ఎలాగూ ర్యాప్‌లోనే ఉండాల్సినవాళ్ళకే ఈ ఉపాయం నప్పుతుంది.

పన్ను కాగితం గత ఏడాదిది. విద్యార్థిగా ఉన్నప్పటి ఆదాయం తక్కువ. ఐబీఆర్‌లో దాని ప్రకారం కిస్తు సున్నా అని వచ్చినా ఆ నెల కట్టినట్టే లెక్క. ర్యాప్‌లో కనీసం 10 డాలర్లు. చదువుకునే రోజుల్లో ఆదాయం తక్కువని పన్ను వేయడం మానేసినవాళ్ళు ఇక్కడ నష్టపోతారు. చూపించడానికి కాగితం ఉండదు.

నాలుగో పని: ఫారం

పీఎస్ఎల్ఎఫ్ ఫారం పదేళ్ళ తర్వాత ఒకసారి వేసేది కాదు. ఏటా ఒకసారి, ఉద్యోగం మారినప్పుడల్లా ఒకసారి వేయాలి. 2024 వేసవి నుంచి ఈ పనంతా స్టూడెంట్‌ఎయిడ్ సైటులోనే జరుగుతుంది.

పీఎస్ఎల్ఎఫ్ హెల్ప్ టూల్ తెరిచి, ఈఐఎన్, చేరిన తేదీ ఇచ్చి, ఇంకా అక్కడే ఉంటే ‘ఇప్పటికీ పనిచేస్తున్నాను’ అని ఎంచుకుని, సంతకం చేయగల అధికారి ఈమెయిలు రాయాలి. ఆ అధికారి మీ సూపర్‌వైజర్ కాకపోవచ్చు. ఉద్యోగ తేదీలు ధ్రువీకరించే అధికారం ఉన్న హెచ్ఆర్ వ్యక్తి ఎవరో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సంతకం కోసం డాక్యుసైన్ నుంచి ఈమెయిలు వెళ్తుంది. కౌంటీ మెయిల్ సర్వర్లు దాన్ని స్పామ్‌లోకి నెట్టేయడం సర్వసాధారణం. పంపిన రోజే హెచ్ఆర్‌కు ‘ఇలాంటి మెయిల్ వస్తుంది, స్పామ్ చూడండి’ అని ఒక మాట చెబితే నెల రోజులు ఆదా.

కాగితం మీద సంతకం చేయిస్తే పెన్నుతో చేయాలి. అందమైన ఫాంటులో పేరు టైప్ చేసిన సంతకాన్ని తిప్పి పంపుతారు. తేదీ లేకపోయినా, డబ్ల్యూ-2లోని ఈఐఎన్‌కూ ఫారంలోని దానికీ తేడా ఉన్నా అంతే.

పాత సంస్థ మూతపడితే డబ్ల్యూ-2లు, పే స్టబ్‌లతో ధ్రువీకరణ కోరవచ్చు. అందుకే ఉద్యోగం వదిలే వారంలోనే ఆ సంస్థ ఫారం సంతకం చేయించుకోవాలి. గ్రాంటుల మీద నడిచే చిన్న సంస్థలు ఐదేళ్ళ తర్వాత అదే చిరునామాలో ఉంటాయన్న నమ్మకం లేదు.

కోవిడ్ కాలంలో, 2020 మార్చి నుంచి 2023 శరదృతువు దాకా కిస్తులు ఆగినప్పటి నెలలు, అప్పుడు అర్హత గల ఉద్యోగంలో ఉంటే కట్టినట్టే లెక్క. ఆ కాలానికి ఉద్యోగ ధ్రువీకరణ వేయని వాళ్ళు ఇప్పటికైనా వేయాలి. మూడేళ్ళకు పైగా నెలలు ఒక్క సంతకంతో వస్తాయి.

లెక్క ఎక్కడ జారిపోతుంది

ఫర్బేరెన్స్, అంటే కిస్తులు తాత్కాలికంగా ఆపడం. సర్వీసర్‌కు ఫోన్ చేసి కట్టలేకపోతున్నామంటే వాళ్ళు చటుక్కున చెప్పేది ఇదే. ఆ నెలలు లెక్కకు రావు, వడ్డీ మాత్రం పెరుగుతుంది. ఆదాయం తగ్గితే ఫర్బేరెన్స్ కాదు, కిస్తును మళ్ళీ లెక్క కట్టమని అడగాలి.

సేవ్ ప్లాన్‌ను కోర్టులు ఆపేశాక 2024 వేసవి నుంచి అందులోని వాళ్ళందరినీ ఫర్బేరెన్స్‌లో పెట్టారు. అక్కడే కూర్చుని ఎదురుచూసినవాళ్ళకు ఆ నెలల్లో ఒక్కటీ జమ కాలేదు.

పోయిన నెలలను కొంతవరకు కొనుక్కునే దారి ఒకటుంది, బైబ్యాక్ అంటారు. అర్హత గల ఉద్యోగం 120 నెలలు పూర్తై ఉండాలి, ఆ కొన్న నెలలతో కిస్తులు సరిగ్గా 120కి చేరాలి. అప్పట్లో ఆదాయ ఆధారిత ప్లాన్‌లో ఎంత కట్టాల్సి ఉండేదో అంత అడుగుతారు, 90 రోజుల్లో కట్టాలి. గ్రేస్ నెలలు, డిఫాల్ట్ నెలలు, కన్సాలిడేషన్‌కు ముందరి నెలలు కొనడానికి కుదరదు. వరస పెద్దది, నెలలు పడుతుంది. దీన్ని నమ్ముకుని నెలలు పోగొట్టుకోవడం తెలివి కాదు.

ఆదాయ ధ్రువీకరణ ఏటా ఉంటుంది. గడువు దాటితే కిస్తు ఒక్కసారిగా పెరుగుతుంది. పన్ను శాఖ ఐఆర్ఎస్ నుంచి వివరాలు తీసుకోవడానికి స్టూడెంట్‌ఎయిడ్‌లో ఒకసారి అనుమతి ఇస్తే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. అయినా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఒకేసారి ఇచ్చే సాయాలు

పీఎస్ఎల్ఎఫ్ పదేళ్ళ వ్యవహారం. కొన్ని పథకాలు రెండు మూడేళ్ళ సేవకు నేరుగా డబ్బిస్తాయి.

క్లినికల్ లైసెన్స్ ఉన్నవాళ్ళు ముందు చూడాల్సింది నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్. ఆరోగ్య సేవల కొరత ఉన్న ప్రాంతంలో, ఆమోదించిన క్లినిక్‌లో రెండేళ్ళు ఫుల్‌టైమ్ చేస్తే ఎల్‌సీఎస్‌డబ్ల్యూకు 50 వేల డాలర్ల వరకు. హాఫ్‌టైమ్ అయితే 25 వేల వరకు. వ్యసన చికిత్స కేంద్రాల్లో మూడేళ్ళకు 75 వేల వరకు, గ్రామీణ ప్రాంతాల్లో అదే పనికి మూడేళ్ళకు లక్ష వరకు ఇచ్చే సోదర పథకాలున్నాయి. ఫెడరల్ పన్ను లేదు. ఇక్కడ ఫుల్‌టైమ్ అంటే వారానికి 40 గంటలు, ఏడాదికి కనీసం 45 వారాలు. పీఎస్ఎల్ఎఫ్ 30 గంటలతో కలగాపులగం చేసుకోవద్దు. అమెరికా పౌరసత్వం తప్పనిసరి, గ్రీన్‌కార్డు చాలదు. ఇంకా లైసెన్స్ పర్యవేక్షణలో ఉన్న ఎల్‌ఎంఎస్‌డబ్ల్యూలకు కుదరదు, స్వతంత్రంగా పనిచేసే లైసెన్స్ ఉండాలి.

డబ్బు ఇచ్చేటప్పుడు కొరత స్కోరు ఎక్కువున్న చోట్లకు ముందు ఇస్తారు. ఉద్యోగం వెతికేటప్పుడే హెల్త్ వర్క్‌ఫోర్స్ కనెక్టర్‌లో ఆ క్లినిక్ మానసిక ఆరోగ్య స్కోరు చూడండి. ప్రాథమిక వైద్యం స్కోరు వేరు, అది మీకు పనికిరాదు. సొంత విద్యా రుణాన్ని ఇంకొకరి రుణంతో కలిపి కన్సాలిడేట్ చేసి ఉంటే మొత్తం అనర్హం.

ఒప్పందం మధ్యలో వదిలేస్తే శిక్ష కఠినం. మిగిలిన కాలానికి తీసుకున్న డబ్బు, దానికి తోడు చేయని ప్రతి నెలకు 7,500 డాలర్లు, వడ్డీ. మొత్తం 31 వేలకు తగ్గదు. క్లినిక్ యాజమాన్యం ఎలాంటిదో అక్కడ పనిచేసేవాళ్ళను అడగకుండా సంతకం పెట్టొద్దు.

వెటరన్స్ ఆసుపత్రుల్లో చేరేవాళ్ళకు ఎడ్యుకేషన్ డెట్ రిడక్షన్ ప్రోగ్రాం ఉంది. ఏడాదికి 40 వేలు, ఐదేళ్ళకు 2 లక్షల వరకు. అది అన్ని పోస్టులకూ ఉండదు, ఉద్యోగ ప్రకటనలో ఆ మాట ఉందో లేదో చూడాలి. మీరు కట్టిన దాన్నే తిరిగిస్తారు. ర్యాప్‌లో ఏడాదికి మూడు వేలు కట్టి నలభై వేలు ఆశిస్తే రాదు.

న్యూయార్క్ రాష్ట్రం లైసెన్స్ ఉన్న సోషల్ వర్కర్లకు ఏడాదికి 6,500 చొప్పున నాలుగేళ్ళలో 26 వేల వరకు ఇస్తుంది. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో మానసిక ఆరోగ్య వృత్తులవాళ్ళకు వేరే రాష్ట్ర పథకాలున్నాయి. కేటాయింపులు ఏటా మారతాయి, తెరిచిన వారాల్లోనే దరఖాస్తు పడాలి. యజమాని ఏడాదికి 5,250 డాలర్ల వరకు మీ రుణం కట్టినా దానికి పన్ను లేదు. సంస్థ హెచ్ఆర్‌కు ఈ సంగతి తెలియకపోవడం వింతేమీ కాదు.

వీటిని పీఎస్ఎల్ఎఫ్‌తో కలపొచ్చా? కలపొచ్చు, కానీ లెక్క చూసుకోవాలి. ఆదాయం బట్టి కట్టేవాళ్ళ కిస్తు, అప్పు ఎంత ఉందన్న దాని మీద ఆధారపడదు. లక్షా ఇరవై వేల అప్పులో 50 వేలు హెల్త్ సర్వీస్ కోర్ తీర్చినా నెల కిస్తు దాదాపు అంతే ఉంటుంది. పదేళ్ళకు మాఫీ అయ్యే మొత్తం మాత్రం తగ్గుతుంది. అంటే ఆ 50 వేలు మీకు మిగిలినట్టు కాదు, ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చేది ఇంకో చేత్తో ఇచ్చినట్టు. అప్పు 45 వేలే అయితే కథ వేరు, రెండేళ్ళలో విముక్తి. మా అంచనా: అప్పు ఏడాది జీతం కంటే తక్కువైతే ఒకేసారి ఇచ్చే సాయం వెతకండి, రెట్టింపు దాటితే పీఎస్ఎల్ఎఫ్‌నే పట్టుకోండి. మధ్యలో ఉన్నవాళ్ళు, పదేళ్ళు ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటామో లేదో తేల్చుకోలేనివాళ్ళు, ముందు చేతికొచ్చేది తీసుకోవడమే మేలు.

ఇంకా చేరనివాళ్ళకు

2026 జూలై 1 నుంచి కొత్తగా చేరే విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ (మాస్టర్స్, ఆపై చదువులకు ఇచ్చే అదనపు ఫెడరల్) రుణం లేదు. మాస్టర్స్‌కు ఏడాదికి 20,500, మొత్తం లక్ష పరిమితి. రెండేళ్ళ ఎంఎస్‌డబ్ల్యూకు ఫెడరల్‌గా 41 వేలు దాటి దొరకదు. పైది ప్రైవేటు అప్పు, దానికి మాఫీ లేదు. బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో బ్యాచిలర్స్) ఉంటే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ అనే కుదించిన కోర్సులో దాదాపు ఏడాదిలో ఎంఎస్‌డబ్ల్యూ అవుతుంది. శిశు సంక్షేమ శాఖలో పనిచేస్తామని ఒప్పుకుంటే టైటిల్ ఫోర్-ఈ అనే ఫెడరల్ నిధుల స్టైపెండ్ ఇచ్చే విశ్వవిద్యాలయాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. బడి పేరు కంటే ఈ రెండూ ముందు చూడాలి.

120 దగ్గరపడ్డాక

సంఖ్య 117 దగ్గర ఉన్నప్పుడే మొత్తం కిస్తుల చరిత్ర డౌన్‌లోడ్ చేసి, ఒక్కో నెలా సరిపోల్చండి. సర్వీసర్ మారిన కాలాల్లో నెలలు తప్పిపోవడం ఎక్కువ. కట్టిన రసీదులు, ఆమోదించిన ఫారాలు, తెర చిత్రాలు మీ దగ్గరే ఉంచుకోండి. సర్వీసర్ మారితే పాత సైటులోని చరిత్ర చూడటానికి ఉండకపోవచ్చు.

120వ కిస్తు కట్టి, చివరి ఫారం వేసే దాకా ఉద్యోగం వదలొద్దు. ప్రైవేటు ప్రాక్టీసు పెట్టాలన్న ఆలోచన ఉంటే ఇంకో నెల ఆగండి. ఫారం పరిశీలనలో ఉండగా కిస్తులు కట్టడం మంచిదే, 120 దాటి కట్టింది తిరిగి వస్తుంది. మాఫీ అయిన మొత్తం మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. రాష్ట్ర పన్ను సంగతి మీ రాష్ట్రంలో విడిగా చూసుకోవాలి.

లెక్క తక్కువ వేశారనిపిస్తే స్టూడెంట్‌ఎయిడ్‌లో రీకన్సిడరేషన్ అడగాలి, ఏ నెల ఎందుకు లెక్కకు రావాలో తేదీలతో. అక్కడ కదలకపోతే ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు. అప్పటికీ నెలలు గడుస్తుంటే మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో కేస్‌వర్క్ విభాగానికి రాయండి. ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం, ఆమోదం ఆగిన తేదీలు, కేసు నంబర్లు ఒకే పేజీలో ఇస్తే వాళ్ళు విద్యాశాఖకు నేరుగా విచారణ పంపగలరు. దానికి ఖర్చేమీ లేదు.